కృష్ణవేణి పుట్టినింటికి: ఆరు ఋతువుల యాత్రాక్రమము



ప్రతిదినమూ స్నానసంధ్యాదులకు ముందు మనము చెప్పుకొనే సంకల్పంలో కాలము, దేశము రెండూ వస్తాయి. యుగము మొదలుకొని ఆనాటి తిథి వరకు కాలాన్ని, జంబూద్వీపము మొదలుకొని మన గృహము వరకు దేశాన్ని క్రమంగా చెప్పుకొంటూ దిగివస్తాము. ఆ వరుసలో ఏ నదుల నడుమ నివసిస్తున్నామో కూడా చెప్పుకొంటాము. బందరు, గుడివాడ ప్రాంతాలవారు కృష్ణా గోదావరుల మధ్యదేశమని చెబుతారు. దివిసీమవారు కృష్ణ రెండు పాయల నడుమనే పుట్టి పెరిగినవారు. ఇట్లు దినానికి ఒక్కమారైనా ఆ తల్లి పేరు పలుకుతూ, ఆమె పుట్టినచోటు ఎక్కడో, అక్కడికి ఎప్పుడు పోవలెనో ఎరుగకపోవడము మనకు వెలితియే. ఆ వెలితిని కొంతవరకైనా పూరించడానికి నేటి ప్రసంగము.

నామ విచారము

ఋగ్వేదంలోని నదీసూక్తములో గంగా యమునా సరస్వతులు మొదలుగా అనేక నదుల పేర్లు వినబడతాయి. అందులో కృష్ణ పేరు లేదు. దీనిని చెప్పడానికి మాకు సంకోచము లేదు. ఆ సూక్తము ఉత్తరదేశపు నదులను స్తుతిస్తున్నది. కృష్ణకు ప్రశస్తి ఇతిహాస పురాణాలలో వచ్చింది. మహాభారతములోని తీర్థయాత్రా ప్రకరణములో కృష్ణవేణా నామము కనిపిస్తుంది.

మన ఇండ్లలో ఆడపిల్లలకు కృష్ణవేణి అని పేరు పెట్టుకొంటాము. నల్లని జడ గలది అని సాధారణంగా అర్థము చెప్పుకొంటాము. ఆ అర్థములో దోషము లేదు. కాని నదీనామముగా చూచినప్పుడు కృష్ణ వేరు, వేణి వేరు. ఆ రెండూ మహారాష్ట్రదేశములోని సహ్యపర్వతము మీద, మహాబలేశ్వర క్షేత్రములో పుట్టిన అక్కచెల్లెండ్రు. వేణిని అక్కడివారు వెణ్ణా అంటారు. సాతారా పట్టణము దగ్గర సంగమ మాహులి అనే చోట వెణ్ణా వచ్చి కృష్ణలో కలుస్తుంది. అక్కడినుంచి ఆమె కృష్ణవేణి.

స్థలపురాణ కథ ఇట్లున్నది. బ్రహ్మదేవుడు సహ్యాద్రి మీద యజ్ఞము తలపెట్టినాడు. ముహూర్తము మించిపోతున్నా పెద్దభార్య సావిత్రి రాలేదు. అందువల్ల గాయత్రిని పక్కన కూర్చుండబెట్టుకొని దీక్ష వహించినాడు. తరువాత వచ్చిన సావిత్రి ఆగ్రహించి, దేవతలను నదులై ప్రవహించండని శపించింది. విష్ణువు కృష్ణగా, శివుడు వేణిగా, బ్రహ్మ కకుద్మతిగా మారినారు. ఆ కకుద్మతినే నేడు కోయనా అంటున్నారు. సావిత్రి, గాయత్రి కూడ నదులైనారు. ఈ ఐదింటికీ పుట్టినిల్లు ఒకటే కనుక అక్కడి ఆలయానికి పంచగంగా మందిరమని పేరు వచ్చింది.

ఈ ఐదింటిలో సావిత్రి పడమటికి పోయి సమీపములోని సముద్రములో చేరుతుంది. కృష్ణ పుట్టినచోటికి పడమటి సముద్రము సుమారు 64 కిలోమీటర్లే. అయినా ఆ తల్లి దగ్గరి సముద్రానికి వీపు పెట్టి, సుమారు 1,400 కిలోమీటర్లు నడిచి, మన హంసలదీవి దగ్గర తూర్పు సముద్రాన్ని చేరుతున్నది. మన ఊళ్ళకు అన్నము పెట్టడానికే అంత దూరము వచ్చిందని భావించడము భక్తునికి సహజము.

రెండు కొసల చరిత్ర

నది పుట్టినచోట, కలిసినచోట ఒకే కాలములో ఏమి జరిగినదో చూస్తే ఆశ్చర్యము కలుగుతుంది. 13వ శతాబ్ది ప్రథమార్ధములో దేవగిరి యాదవరాజు సింఘణుడు కృష్ణ పుట్టినచోట చిన్న ఆలయము, కుండము కట్టించినాడని అక్కడి చరిత్ర చెబుతున్నది. అదే కాలములో ఓరుగల్లు నేలుతున్న కాకతి గణపతిదేవుడు దివిసీమను జయించి, ఆ సీమ నేలిన అయ్యవంశపు ఆడపడుచులు నారాంబను, పేరాంబను వివాహమాడినాడు. వారి సోదరుడు జాయపను తన గజసాహిణిగా నియమించినాడు. నృత్తరత్నావళి రచించిన జాయపసేనాని ఆయనయే. ఈ గణపతిదేవుడే యౌవనములో యాదవుల చెరలో ఉండి, 1199 ప్రాంతములో విడుదలై వచ్చి రాజ్యము చేసినవాడు. నది పై కొసను యాదవులు, కింది కొసను కాకతీయులు అలంకరించినారు. రాజులకు వైరమున్నా నది రెండు దేశాలను ఒకే సూత్రముతో కట్టింది.

తరువాత ఆ కొండసీమ జావళీ ప్రభువులైన మోరేల అధీనములో ఉండేది. 1656లో శివాజీ మహారాజు జావళీని గెలిచి, సమీపములో ప్రతాపగడము కట్టించినాడు. ఆ కోట కిందనే 1659 నవంబరు 10వ తేదీన అఫ్జల్‌ఖాను వధ జరిగింది. క్షేత్రములో శివాజీ మహారాజు తన తల్లి జిజాబాయికి సువర్ణ తులాభారము చేయించినాడని అక్కడివారు నేటికీ భక్తితో చెప్పుకొంటారు.

ఆంగ్లేయుల కాలములో ఈ కొండకు మరొక రూపము వచ్చింది. 1824లో లాడ్విక్ అనే సేనాని ఈ కొండ నెక్కి, చల్లదనాన్ని చూచి తనవారికి చెప్పినాడు. 1828లో బొంబాయి గవర్నరు సర్ జాన్ మాల్కం సాతారా మహారాజుతో ఒప్పందము చేసికొని అక్కడ ఎండకాలపు విడిదిని నెలకొల్పినాడు. పాత క్షేత్రానికి సుమారు 6 కిలోమీటర్ల దూరములో పెరిగిన ఆ కొత్త ఊరిని మాల్కంపేట అన్నారు. నేడు యాత్రికులు బస్సు దిగేది ఈ కొత్త ఊరిలో. దేవుడున్నది పాత ఊరిలో. ఈ భేదము తెలియక కొత్త ఊరిలో తిరిగి, గుఱ్ఱపుస్వారీ చూచి, క్షేత్రదర్శనము చేయకనే మరలివచ్చేవారు ఉన్నారు. అందుకే దీనిని ప్రత్యేకించి చెబుతున్నాము.

ఆ కొత్త ఊరి పక్కనే వెణ్ణా సరస్సు ఉన్నది. అది దేవఖాతము కాదు. సాతారా మహారాజు అప్పాసాహెబు వెణ్ణా వాగుకు కట్ట వేయించి, 1842లో ఊరి నీటి అవసరానికై నిర్మింపజేసిన తటాకము. మన పెద్దలు తటాక నిర్మాణాన్ని సప్తసంతానములలో ఒకటిగా లెక్కించినారు. సుమారు 1,350 మీటర్ల ఎత్తున, కొండల నడుమ, చుట్టూ చెట్ల నీడతో ఉన్న ఈ సరస్సు శివస్వరూపిణియైన వేణి నీటితో నిండినది. కృష్ణవేణి అనే పేరులో సగము ఈ సరస్సులో ఉన్నది.

హంసలదీవి, హంసల సరస్సు

పర్వతసరస్సు అనగానే మన మనస్సు కైలాసము పాదాన ఉన్న మానససరోవరానికి పోతుంది. హంసలకు నివాసము అదే కదా! మన హంసలదీవి స్థలపురాణములోనూ హంస ఉన్నది. పాపుల స్నానాలతో నల్లబడిన గంగ కాకిరూపము ధరించి తీర్థాలన్నీ తిరిగి, కృష్ణాసాగర సంగమములో మునిగి తెల్లని హంసగా మారినదట. కాకిని హంసగా చేసిన నీరు ఏ కొండ నుంచి వచ్చిందో చూడవలెనన్న కోరిక కలగడము న్యాయమే.

మానససరోవరము సుమారు 4,590 మీటర్ల ఎత్తున, పరదేశపు ఏలుబడిలో ఉన్నది. 1962 యుద్ధము తరువాత ఆగిన ఆ యాత్ర 1981లో తిరిగి మొదలై, 2020లో మరల ఆగి, 2025లో పునఃప్రారంభమైనది. అది వేసవి, వర్షకాలాలలో కొద్దినెలలకే పరిమితము. దేహదారుఢ్య పరీక్షలో నెగ్గనిదే పోనీయరు. మహాబలేశ్వరము అట్లు కాదు. ఊపిరి ఆడని ఎత్తు లేదు. బండి గుడిదాకా పోతుంది. డెబ్బది ఏండ్లవారు కూడ చేయదగిన యాత్ర. ఏ నెలలో పోవలెనన్నదే నిర్ణయించుకొనవలసిన విషయము.

పూర్వుల మార్గము, నేటి మార్గము

పూర్వము బందరు నుంచి గోలకొండకు, అక్కడినుంచి పడమటి దేశాలకు ప్రసిద్ధమైన వర్తకమార్గము ఉండేది. బందరు కలంకారీ బట్టలు, వజ్రాలు ఆ దారిన పోయేవి. యాత్రికులు ఆ వర్తకుల బిడారులను ఆశ్రయించి నడిచేవారు. 1830 మే 18వ తేదీన చెన్నపట్టణము నుంచి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు కాశీయాత్ర ముగించి ఇల్లు చేరేసరికి 1831 సెప్టెంబరు వచ్చింది. పల్లకీలు, బోయీలు, పరిజనము గలవారికే పదిహేను నెలలు పట్టితే, సామాన్యుని సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. అందుకే వారు యాత్రకు ముందు ఋతువును లెక్కించేవారు. ఏ నది ఎప్పుడు పొంగుతుందో, ఏ కనుమ ఎప్పుడు మూతపడుతుందో అడిగి తెలిసికొనేవారు. చాతుర్మాస్యములో యతులు ఒకచోట నిలిచిపోవడములోనూ ఈ లోకజ్ఞానము ఇమిడి ఉన్నది.

1889లో నిజాము రైలుమార్గము బెజవాడకు వచ్చింది. దానితో బెజవాడ నుంచి సికింద్రాబాదు, వాడీల మీదుగా పూనా చేరే వీలు కలిగింది. 1908లో బందరుకు రైలు వచ్చింది. అంతకుముందు బెజవాడ వరకు కాలువ పడవలే గతి. నేడు విజయవాడ, హైదరాబాదుల మీదుగా పూనా చేరి, అక్కడినుంచి వాయి, పంచగని ఊళ్ళ మీదుగా సుమారు 120 కిలోమీటర్లు రోడ్డున పోవలెను. వారము దినాలు కేటాయిస్తే వాయి ఘట్టాలు, సంగమ మాహులి, కోయనా వచ్చి కలిసే కరాడ్, దత్తక్షేత్రమైన నరసోబావాడి కూడ సేవించి రావచ్చును. మన పిఠాపురములో అవతరించిన శ్రీపాద శ్రీవల్లభులు తపస్సు చేసిన కురువపురము ఈ కృష్ణానది ద్వీపమేనని స్మరించండి.

ఋతుక్రమము

వసంతము: చైత్ర వైశాఖాలలో బందరులో ఉక్కపోత, గుడివాడలో వడగాలి. అక్కడ చల్లని గాలి. పిల్లలకు సెలవులు కనుక కుటుంబాలు పోవడానికి అనుకూలమే. కాని జనసమ్మర్దము మిక్కుటము. సత్రాలు, గదులు ముందుగా కుదుర్చుకొననిదే కదలరాదు. గోముఖములో ధార అప్పుడు సన్నబడుతుంది.

గ్రీష్మము: జ్యేష్ఠము సగము గడిచేసరికి అక్కడ వాన మొదలు. ఆంగ్లేయుల కాలములో దొరలు జూను నడిమికి కొండ దిగి, వానలు వెలిసిన తరువాతనే మరల ఎక్కేవారు. పోదలచినవారు జ్యేష్ఠ పూర్ణిమకు ముందే పోయిరావడము మేలు.

వర్షము: ఇది పెద్దలు మానుకొనవలసిన కాలము. మన బందరులో సంవత్సరము మొత్తము మీద సుమారు 1,000 మిల్లీమీటర్లు వాన పడితే, అక్కడ 5,000కు పైగా పడుతుంది. అందులో అధికభాగము జూను నుంచి సెప్టెంబరు లోపలనే. 2021 జూలైలో ఒక్క దినములో దాదాపు 600 మిల్లీమీటర్లు కురిసి, కనుమదారులలో కొండచరియలు విరిగిపడినవి. సరస్సు మీద పడవలు నిలిపివేస్తారు. పొగమంచులో పది అడుగుల దూరము కనబడదు. కాని కృష్ణ నిజముగా పుట్టేది ఈ దినాలలోనే.

కర్కాటక సింహ మాసాలలో నదులు రజస్వలలని, స్నానము కూడదని ధర్మశాస్త్రము. వరదనీటి మురికిని పెద్దలు ఆ మాటతో చెప్పినారు. సముద్రములో స్వయముగా కలిసే నదులకు ఈ నిషేధము లేదని ఆ శాస్త్రమే మినహాయింపు ఇచ్చింది. కనుకనే శ్రావణములో వచ్చిన 2016 పుష్కరములో కృష్ణాస్నానానికి దోషము లేకపోయింది.

శరత్తు: భాద్రపదము చివరికి వానలు తగ్గుతాయి. సాతారా సమీపములోని కాస్ పీఠభూమి మీద అప్పుడు పూలు పూస్తాయి. జలపాతాలు నిండుగా దూకుతాయి. ఆశ్వయుజ కార్తికాలలో ఆకాశము నిర్మలము, ధార పుష్టిగా ఉంటుంది. శివక్షేత్రములో కార్తికస్నానము, దీపదానము చేసికొనడము కంటె కావలసినది ఏమున్నది? యాత్రకు ఉత్తమకాలము ఇదేనని మా అభిప్రాయము.

అయితే మన తీరవాసులకు ఇక్కడనే ఒక చిక్కు ఉన్నది. 1864 నవంబరు 1వ తేదీన బందరును ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పదివేలమంది మరణించినారు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన తుడిచిపెట్టింది. వేలమంది ప్రాణాలు కోల్పోయినారు. ఆ రెండూ కార్తికమాసములోనే. కొండకు ఏది శ్రేష్ఠకాలమో, సముద్రతీరానికి అదే గండకాలము. కనుక దివిసీమ, బందరు తీర గ్రామాలవారు కార్తికయాత్ర పెట్టుకొంటే ఇంటిలోని వృద్ధులను, పసిపిల్లలను, గోవులను చూచుకొనే సమర్థుడైన మనిషిని నిలిపి పోవలెను. వాయుగుండము సూచన వచ్చినదంటే ముహూర్తము కుదిరినదని బయలుదేరరాదు. యాత్రను వాయిదా వేస్తే పుణ్యము తరగదు. ఇంటివారిని విడిచిపోతే ఏ తీర్థమూ ఆ దోషాన్ని కడగదు.

హేమంతము: మార్గశిర పుష్యాలలో చలి తీవ్రము. ఒక్కొక్క రాత్రి వెణ్ణా సరస్సు ఒడ్డున గడ్డిపరకల మీద మంచు గడ్డకడుతుంది. ఉబ్బసము, కీళ్ళనొప్పులు గలవారు ఈ నెలలు మానవలెను. దృఢకాయులు ఉన్నిబట్టలతో పోవచ్చును.

శిశిరము: మాఘ ఫాల్గుణాలలో చలి విరుస్తుంది. ఈ దినాలలో వాయిలో ఘట్టము తరువాత ఘట్టముగా కృష్ణాబాయి ఉత్సవము జరుపుతారు. నదిని ఇంటి ఆడపడుచుగా కూర్చుండబెట్టి పూజించే ఆ ఉత్సవము చూచి తీరవలసినది. మహాశివరాత్రికి మహాబలేశ్వర క్షేత్రములో పెద్ద తిరునాళ్ళు. తీరవాసులకు తుఫాను భయము లేని కాలము కూడ ఇదే. కార్తికము కుదరనివారికి మాఘము రెండవ ఉత్తమకాలము.

ఆ నీరు మన దాకా వస్తున్నదా?

యాత్రికుడు గోముఖము కింద దోసిలి పట్టినప్పుడు ఒక ప్రశ్న పుట్టవలెను. ఈ నీరు మా ఊరి దాకా వస్తున్నదా? 1832-33లో గుంటూరు సీమను, మన సీమను కబళించిన కరవు తరువాత, కాటన్ దొర ప్రేరణతో 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తియైనది. 1957లో దాని స్థానములో ప్రకాశం బ్యారేజి వచ్చింది. కృష్ణ నీటితోనే డెల్టా పచ్చబడింది. తరువాత పై రాష్ట్రాలలోనూ ఆనకట్టలు లేచినవి. వారికీ దప్పిక ఉన్నది. వారినీ కన్నది ఆ తల్లియే. బచావత్ న్యాయాధికరణము 2,060 టి.ఎం.సి.ల నీటిని మూడు రాష్ట్రాలకు పంచింది. కోయనా నీటిలో కొంత విద్యుత్తు కోసము కొండ దిగి పడమటి సముద్రానికే పోతున్నది. 2015 నుంచి పట్టిసీమ ద్వారా గోదావరి నీరు మన కాలువలలోకి వస్తున్నది. అనగా వానకాలములో గుడివాడ రైతు పొలములో పారేది ఒక్కొక్కప్పుడు గోదావరి. నది కొస వేసవిలో ఎండితే సముద్రపు ఉప్పునీరు పైకి ఎగదన్ని, దివిసీమ బావులను చెరుస్తున్నది. మరొకప్పుడు, 2024 సెప్టెంబరు మొదట్లో వలె, బ్యారేజి వద్ద 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చి ముంచుతున్నది.

కనుక పుట్టినింటికి పోయేవాడు నాలుగు నియమాలు పాటించవలెను. కుండములో సబ్బు వాడరాదు. పాత బట్టలు, ప్లాస్టిక్ సంచులు, పూలదండలు నీటిలో విడువరాదు. వెణ్ణా సరస్సు ఊరివారి నీటితటాకము కనుక అందులో దిగి స్నానము చేయరాదు. ప్రాతఃకాలాన ఒడ్డున కూర్చుండి చెంబునీటితో సంధ్య వార్చుకొంటే చాలును. ఇక నాలుగవది, తిరిగివచ్చిన తరువాత మన కాలువలోకి మురుగు వదలరాదు. పైన తీర్థముగా మ్రొక్కి, కింద అదే తల్లిని మురుగుగా చేసేవానికి యాత్రాఫలము ఎట్లు దక్కుతుంది?

గురుడు కన్యారాశిలో ప్రవేశించినప్పుడు కృష్ణకు పుష్కరము. రాబోయేది 2028లో. పన్నెండేండ్లకొకసారి ఆ సమయములోనే పంచగంగా మందిరములో భాగీరథి కూడ వెల్లువెత్తుతుందని అక్కడివారి విశ్వాసము. ఆనాడు అక్కడా, ఇక్కడా కాలు మోప చోటుండదు. ఓపిక గలవారు ఈలోపలనే, తమకు అనువైన ఋతువులో పోయి, పుట్టినింటిని ప్రశాంతముగా సేవించి రండి. పుష్కరమునాడు మన ఊరి రేవులో మునిగినప్పుడు ఆ కొండ, ఆ సన్నని ధార, ఆ సరస్సు మీది పొగమంచు కన్నులకు కట్టుతాయి. పోలేనివారు విచారించనక్కరలేదు. ఆ తల్లి వారికోసమే ఇంత దూరము నడిచివచ్చింది. సంకల్పములో ఆమె పేరు వచ్చినప్పుడు ఒక్క క్షణము ఆగి, అర్థము తెలిసి పలికితే అదియే వారి యాత్ర.

స్వస్తి.